అర చుట్టు

ఎర్రగుంట్ల బైపాసులో పొల్యూషన్ వ్యాను.
దాంట్లో గురుమోహనని ఒక పిల్లోడు,
మీసాలింకా సరింగా మొలిసినట్టు లేదు,
నా బండి సైలెన్సర్లోకి గొట్టం దూర్చి
డాక్టరు మాదిరి చెప్తాడు:
"తొక్కన్నా. ఇడువు. మళ్లా తొక్కు."

తొక్కినా.
మిట్టమధ్యాన్నం మబ్బు కమ్మింది.
ఎనకాల ఆటో మీద ఆరేసిన టవలు
ఎవురిదో పాపం, ఇంక తెల్లగాదు.
ఎనభై మూడంది మిషను.
అరవై ఐదు దాటగూడదంట.
"మిషనుకు జొరమొచ్చిందేమో సూడబ్బీ" అన్యా.
"జొరం నీ బండికన్నా" అన్యాడు, నవ్వకుండా.

దాపెందుకు,
మూడేండ్ల కింద దాని నోరు తెరిపిచ్చింది నేనే.
పంపుకుండే సీసం సీలు తెంపిచ్చి
చిటికెనేలంత స్క్రూను
అర చుట్టు తిప్పిచ్చినా.
పాతసామాన్ల అంగట్లో ఇంకేదో బండి టర్బో
బేరమాడి తెచ్చి బిగిచ్చినా.
పది టన్నుల బండి పదహైదు టన్నుల నాపరాయి
ముద్దనూరు ఘాట్లో
మూడో గేరు దిగకుండా ఎక్కిచ్చింది.
పాప నర్సింగు ఫీజూ
ఫైనాన్సోనికి తప్పకుండా కట్టిన కంతులూ
వాన కారని మా ఇంటి రేకులూ
అన్నీ ఆ అర చుట్టులోనే ఉండాయి.

ముందు దొంగ వైద్యాలు చేసినా.
ఫిల్టరు తీసి బండకేసి కొట్టినా,
ఇంకో బంకులో డీజిలు పోపిచ్చినా,
తడి గోనెసంచి గూడా కుక్కి చూసినా
(ఆ సంగతి గురుమోహన్‌కు చెప్పొద్దు).
డెబ్బై నాలుగు.

ఆఖరికి ప్రొద్దుటూరు దస్తగిరి మేస్త్రీ.
స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనిచ్చి
పిడి చెవికి పెట్టుకోని
కండ్లు మూసుకోని చానాసేపు విన్యాడు.
"పొగ అనుకుంటాండావా దీన్ని?
కాలకుండా బయటికి పోతాండే నీ దుడ్లబ్బీ ఇవి.
కూడు ఎక్కువ పెడ్తివి,
ఊపిరాడొద్దా దానికి?"
అర చుట్టు ఎనక్కి తిప్పినాడు.
అంతే. రెండు నిమిషాల పని.
మూడేండ్లు ఎనక్కి పోయినట్టుంది నాకు.

యాభై ఎనిమిది.
నంబరు ప్లేటు ఫోటోతో చీటీ ఇచ్చి
"పాసన్నా" అన్యాడు పిల్లోడు.
పదో తరగతి రెండు తూర్లు తప్పినోన్ని,
ఆ మాట ఎవురన్నా అనంగా వినడం
అదే మొదులు.

తెల్లారి అదే లోడు, అదే ఘాటు.
మూడు పోయి రెండు, రెండు పోయి ఒకటి.
గొర్రెలమంద నన్ను దాటుకోని పోయింది,
ఎనకబడిన కుంటి పొట్టేలు గూడా.
క్లీనరు నాగముని కిందికి దూకి
అడ్డుచెక్క చేతిలో పట్టుకోని
పెండ్లికొడుకు గుర్రం పక్కన నడిసినట్టు
పైదాకా నడిసినాడు.

ఘాటు పైన సంజమ్మ టీ బంకు.
మూడేండ్లుగా నా బండి సద్దు వినపడితే చాలు
పాలగిన్నెకు మూత పెట్టేది,
గ్లాసులు బోర్లిచ్చేది,
కొంగు ముక్కు దాకా లాక్కునేది.
ఒక్క మాట అనలేదు ఎప్పుడూ.
మగోడొస్తాండాడని మర్యాద అనుకున్యా.

ఈపొద్దు మూత పక్కనే ఉండాది.
ఎదురుగ్గా పోయి నిలబడిందాకా
ఆయమ్మ నన్ను చూల్యా.
"ఏమన్నా, బండి మార్చినావా?"
"లే. ఒంట్లో బాగల్యా దానికి."

టీ తాగతాంటే సేటు ఫోను.
శనివారం లోడంట, పద్దెనిమిది టన్నులు,
ఆ ఘాటే.
చూద్దాం సేటూ అన్యా.
స్క్రూడ్రైవరు డోరు సందులోనే ఉండాది.
పోయేటప్పుడు మేస్త్రీ
స్క్రూ తల మీద తెల్లరంగుతో గీత గీసినాడు.
మళ్లా ఎంత తిప్పాల్నో గుర్తుకా,
ఇంక తిప్పొద్దనా,
అడగాల్సింది.
అడగల్యా.